షుగర్ చూసే చోట దిగులు గురించీ అడగండి

సంపాదకులకు నమస్కారం.

నవంబరు 14న ప్రపంచ మధుమేహ దినమని బొబ్బిలిలో ఉచిత శిబిరం పెడితే మావారిని తీసుకువెళ్లాను. బరువు, బీపీ చూశారు, వేలు గుచ్చి షుగర్ చూశారు, అరికాళ్లకు స్పర్శ ఉందో లేదో కూడా ఓపికగా చూశారు. కానీ మూడేళ్ల కిందట మా ఇంట్లో షుగర్ అదుపు తప్పడానికి కారణమైన దాని గురించి ఒక్కరూ అడగలేదు. అందుకే ఈ ఉత్తరం.

మావారు హైస్కూలులో లెక్కల మాస్టారుగా పనిచేశారు. పద్నాలుగేళ్లుగా షుగర్ ఉంది. రోజూ వచ్చిన అంకెను రూళ్ల పుస్తకంలో రాసుకునేవారు, తినక ముందుది నీలం సిరాతో, తిన్న తరువాతది ఎర్ర సిరాతో. ఉద్యోగ విరమణ చేసిన ఏడాదికి ఎర్ర అంకెలు ఆగిపోయాయి. కొన్నాళ్లకు నీలం అంకెలు వారానికొకటి అయ్యాయి. ఆపైన ముందే వేసి పెట్టుకున్న తేదీలు తప్ప వాటి ఎదురుగా ఏమీ లేదు. తెల్లవారుజామున మూడింటికే లేచి అరుగు మీద చీకట్లో కూర్చునేవారు. పిలిస్తే పలికేవారు, అంతే.

రక్త పరీక్షలో మూడు నెలల షుగర్ సగటు (హెచ్‌బీఏ1సీ) 10.4 శాతం వచ్చింది. మేము చూపించుకునే చోట, ‘మాస్టారూ, చదువుకున్నవారు, నోరు కట్టుకోమని మీకు చెప్పాలా?’ అన్నారు. మాత్ర పెంచారు. తరువాతిసారీ అదే మాట. ఇంటికి వచ్చి నేనూ అదే అన్నాను. సరిగా అన్నమే తినని మనిషిని పట్టుకుని నోరు కట్టుకోమన్నాను. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ నా మనసు చివుక్కుమంటుంది.

చివరికి మా చెల్లెలి కొడుకు పట్టుబట్టి విజయనగరంలో మానసిక వైద్యుడి దగ్గరకు తీసుకువెళ్లాడు. ఆయన గత రెండు వారాల గురించి తొమ్మిది ప్రశ్నలు అడిగి 27కి 17 మార్కులు వేశారు. పది గానీ అంతకు మించి గానీ వస్తే పట్టించుకోవాలట. దిగులు నెలల తరబడి ఉంటే ఒంట్లో కార్టిసాల్ అనే హార్మోను ఎక్కువై కాలేయం చేత చక్కెరను వదిలిస్తుందని, ఇన్సులిన్‌ను సరిగా పనిచేయనివ్వదని చెప్పారు. షుగర్ ఉన్నవారి ఒంట్లో లోలోపల సన్నగా సాగే వాపు మెదడు మీదా పనిచేస్తుందట. ఈ దిగులు జబ్బు, అంటే కుంగుబాటు (డిప్రెషన్), షుగర్ లేనివారికంటే ఉన్నవారిలో దాదాపు రెండింతలు కనిపిస్తుంది, కుంగుబాటు ఉన్నవారికి టైప్ 2 షుగర్ వచ్చే అవకాశమూ ఎక్కువే. అంతా విని మావారు, ‘అయితే తప్పంతా నాది కాదన్నమాట’ అన్నారు. ఎన్నో నెలల తరువాత ఆయన తనంతట తాను అన్న మొదటి మాట అది.

ఏళ్లుగా మెట్‌ఫార్మిన్ వాడుతున్నారని డాక్టరు బి12 పరీక్ష రాశారు. తక్కువగానే ఉంది, అదీ నీరసాన్ని పెంచేదే. కుంగుబాటుకు వాడే పాత మందుల్లో కొన్ని బరువునూ షుగర్‌నూ పెంచుతాయి, కొన్ని షుగర్‌ను కాస్త తగ్గిస్తాయి. అందుకే షుగర్ మందుల చీటీ అంతా చదివాకే మందు రాశారు, మొదటి వారాల్లో తరచూ వేలు గుచ్చి చూసుకోమన్నారు. గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుందని, మధ్యలో మానవద్దని మరీ మరీ చెప్పారు. మందుతో పాటు మాటల చికిత్స, రోజుకొక చిన్న పని. మావారికి వచ్చిన పని పక్కింటి పిల్లవాడికి భిన్నాలు చెప్పడం. ఏడు నెలలకు సగటు 7.8కి వచ్చింది.

ఇది మా ఒక్క ఇంటి సంగతి కాదు. మన దేశంలో నాలుగు మధుమేహ క్లినిక్కుల్లో 404 మందితో జరిగిన అధ్యయనం 2020లో వెలువడింది. ఆ నాలుగింటిలో ఒకటి మన పక్కనున్న విశాఖపట్నంలోదే. రెండు జబ్బులనూ కలిపి చూస్తూ, ఒకరు వెంటపడి కనుక్కుంటూ ఉంటే, రెండేళ్లకు వందలో దాదాపు 72 మందికి దిగులు సగానికి తగ్గి షుగర్, బీపీ, కొలెస్ట్రాల్‌లలో కనీసం ఒకటైనా మెరుగుపడింది. మామూలు వైద్యంలో అలా అయినవారు 57 మందే.

కొత్తగా కట్టాల్సింది కూడా ఏమీ లేదు. ముప్పై దాటినవారి కోసం ఆశా కార్యకర్తలు తెచ్చే ఫారంలో ఆ తొమ్మిదింటిలో మొదటి రెండు ప్రశ్నలు ఇప్పటికే ఉన్నాయి. పనుల మీద ఆసక్తి పోయిందా, మనసు కుంగినట్టుంటోందా అని. మా ఇంట్లోనూ అడిగారు. గుమ్మంలో నిలబడి, కోడలి ముందు, ఎదురింటివారు చూస్తుండగా అడిగితే మావారు ‘ఏమీ లేదమ్మా’ అన్నారు. ఆ అమ్మాయిని తప్పుపట్టను, ఆ పూట ఇంకా ఎన్ని ఇళ్లు తిరగాలో. కానీ ఆ రెండు ప్రశ్నలను షుగర్ క్లినిక్కులో, తలుపు దగ్గరగా వేసి, కుర్చీ వేసి కూర్చోబెట్టి అడగాలి. అవునన్నవారిని అక్కడి నుంచే మానసిక వైద్యుడి దగ్గరకు పంపాలి. అంతదూరం వెళ్లలేనివారు 14416కు ఫోను చేయవచ్చు. అది ప్రభుత్వ టెలీ మానస్ నంబరు, డబ్బు పడదు, రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడతారు. ఈ నంబరును షుగర్ మాత్రలిచ్చే కిటికీ పక్కనే పెద్ద అక్షరాలతో రాయించమని జిల్లా వైద్యాధికారులను వేడుకుంటున్నాను.

మళ్లీ శిబిరం పెట్టేవారు కబురు చేస్తే ఆ ప్రశ్నలడిగే బల్ల దగ్గర నేను కూర్చుంటాను. ముప్పై ఏళ్లు ఒకటో తరగతి పిల్లల చేత నోరు విప్పించినదాన్ని.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయిని, బొబ్బిలి, విజయనగరం జిల్లా