బాలింతకు కుట్ల గురించి కూడా చెప్పించండి

ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారం.

నా తొలి కాన్పులో కింద, యోని దగ్గర చిరిగి కుట్లు పడ్డాయి. ఇంటికి పంపేటప్పుడు బిడ్డ టీకాల కార్డు చేతిలో పెట్టారు, కుట్ల మాట ఎవరూ ఎత్తలేదు. మూత్రానికి వెళ్తే భగ్గున మండేది. గోరువెచ్చని నీళ్లు పోసుకుంటూ వెళ్తే మంట తగ్గుతుందని పది రోజులకు గానీ తెలియలేదు.

మొదటిసారి మామూలు కాన్పు అయ్యేవాళ్లలో 10 మందికి 9 మంది దాకా ఎంతో కొంత చిరుగుతుంది. ఎక్కువగా చర్మం, దాని కింది కండరం వరకే. ఆ కుట్లు వాటంతటవే కరిగి, కొన్ని వారాల్లో మానిపోతాయి. చిరుగు ఎంత లోతో డిగ్రీల్లో చెబుతారు: 3వ డిగ్రీలో మలద్వారం చుట్టూ ఉండే కండరం తెగుతుంది, 4వ డిగ్రీలో లోపలి పొర కూడా. అప్పుడు గ్యాస్, మలం ఆపుకోవడం కష్టం కావచ్చు. దానికి వైద్యం ఉంది. సిగ్గుతో ఎంతమంది నోరు మెదపడం లేదో!

డిశ్చార్జ్ కాగితం మీద ఏ డిగ్రీ చిరుగో రాయించండి. జ్వరం, చెడు వాసన, పెరిగే నొప్పి ఉంటే వెంటనే రమ్మని చెప్పించండి. మలబద్ధకానికి మందు, కటి కండరాల వ్యాయామం నేర్పే ఫిజియోథెరపిస్ట్, 6 వారాలకు ఒక చెకప్ అందరికీ అందాలి. ఇంకొకటి: బిడ్డ తల బయటికొచ్చే వేళ యోనికీ మలద్వారానికీ మధ్య వెచ్చటి తడిగుడ్డ అదిమి పట్టుకుంటే పెద్ద చిరుగులు తగ్గుతాయి. దానికి ఖర్చెంతని?

ఇట్లు,
ఒక తల్లి