ఎర్ర సిరాతో రాసిన ఆ ఒక్క లైనుకు

మా ఆవిడ హాస్పిటల్ నుంచి ఇంటికి వచ్చి నిన్నటికి వారం. పాప వాళ్ల అమ్మమ్మ ఒళ్లో నిద్రపోతోంది. ఇల్లు కాస్త సద్దుమణిగింది కాబట్టి, ఇన్నాళ్లూ చెప్పాలనుకుంటున్న మాటలు ఇప్పుడు రాస్తున్నాను. కొంచెం పొడుగే, ఏమనుకోకండి.

తెనాలిలో ఓ నర్సింగ్ హోమ్‌లో నార్మల్ డెలివరీ అయింది. సాయంత్రం 5:40కి పాప పుట్టింది, 3.8 కిలోలు. నేను జిలేబీ తేవడానికి కిందికి దిగాను. పొట్లంతో పైకి వచ్చేసరికి సిస్టర్ ఒకామె సెలైన్ బాటిళ్లు పట్టుకుని పరిగెడుతోంది. మేడమ్ గారు బయటికొచ్చి రెండు ముక్కల్లో చెప్పారు. కాన్పు అయ్యాక గర్భసంచి పిడికిలిలా బిగుసుకోవాలి, అప్పుడే లోపలి రక్తనాళాలు నొక్కుకుపోయి రక్తం ఆగుతుంది. ఈమెకి బిగుసుకోవడం లేదు, మెత్తగానే ఉండిపోయింది.

నార్మల్ డెలివరీలో అర లీటరు దాటితేనే ఎక్కువ రక్తం పోయినట్టు లెక్క. మా ఆవిడకి అప్పటికే లీటరు దాటిందని తడిసిన గుడ్డలు తూకం వేసి చెప్పారు. గర్భసంచి బిగుసుకోవడానికి ఆక్సిటోసిన్ పెట్టారు, తొడకి ఇంకో ఇంజెక్షన్ ఇచ్చారు, మాత్రలు పెట్టారు. రక్తం గడ్డలు కరిగిపోకుండా ట్రానెక్సామిక్ యాసిడ్ ఒక గ్రాము ఎక్కించారు. అది కాన్పైన మూడు గంటల్లోపే ఇవ్వాలట. అయినా ఆగలేదు. అప్పుడు మేడమ్ గారు ఒక కాథెటర్‌కి, అంటే సన్నటి గొట్టానికి, కండోమ్‌ని దారంతో కట్టి, గర్భసంచిలో పెట్టి, సెలైన్‌తో నింపారు. లోపల బెలూన్‌లా ఉబ్బి గోడల్ని ఒత్తిపెడుతుంది. బంగ్లాదేశ్ డాక్టర్ సయేబా అఖ్తర్ గారు కనిపెట్టిన ఉపాయమని తర్వాత తెలిసింది. వంద రూపాయలైనా కాని సామానుతో మా ఆవిడని విజయవాడ దాకా బతికించిన మేడమ్ గారికి మొదటి దండం. 108లో దారంతా బీపీ చూస్తూ, నాతో ఒక్క అబద్ధమూ చెప్పకుండా, "ఇప్పటికైతే ఉంది అన్నా" అంటూ వచ్చిన తమ్ముడికి రెండోది.

విజయవాడ హాస్పిటల్‌లో నాతో రెండు కాగితాల మీద సంతకం పెట్టించారు. ఒకటి, అవసరమైతే గర్భసంచి తీసేయడానికి. మా ఆవిడకి 26 ఏళ్లు. రెండోది ఎంబోలైజేషన్‌కి. తొడ మొదట్లోని రక్తనాళం నుంచి సన్నటి గొట్టం పంపి, గర్భసంచికి రక్తం తీసుకెళ్లే నాళాల్ని లోపలి నుంచే మూసేస్తారు. గర్భసంచి మిగులుతుంది. మందులతో బీపీ నిలబడింది కాబట్టి ముందు అది ప్రయత్నిద్దామన్నారు.

ఈ గొట్టం పని చేసే గది క్యాథ్‌ల్యాబ్. దాని తలుపు దగ్గర సిస్టర్ అడిగింది: "ఏమైనా అలర్జీలు ఉన్నాయా అండీ?" "ఏమీ లేవండీ" అన్నాను. తెనాలిలో అడిగినప్పుడూ అదే చెప్పాను. అలర్జీ అంటే మాత్రలు పడకపోవడమే అనుకున్నాను. ఇది నా తప్పు, దాచుకోవడానికి ఏమీ లేదు. సిస్టర్ అంతటితో వదిలేయలేదు. "ఇంతకుముందు డై ఎక్కించి స్కాన్ ఏదైనా తీశారా?" అని మా అత్తయ్య వైపు తిరిగింది. డై అంటే స్కాన్‌లో లోపలివి స్పష్టంగా కనపడటానికి ఎక్కించే మందు. అత్తయ్య చంకలో ఎప్పటిదో బట్టల షాపు కవర్, అందులో కూతురి కాగితాలన్నీ. ఒకటి తీసి ఇచ్చింది.

నాలుగేళ్ల కిందటి డిశ్చార్జి కాగితం అది. పెళ్లికి ముందు కడుపు నొప్పికి సీటీ స్కాన్ తీశారు. డై ఎక్కించిన రెండు నిమిషాలకే ఒళ్లంతా దద్దుర్లు, గొంతు పట్టేయడం, బీపీ పడిపోవడం. ఆడ్రినలిన్ ఇచ్చి బతికించారు. కాగితం పైమూలన ఎవరో ఎర్ర సిరాతో, డై పేరుతో సహా, 'అయోడిన్ డైకి తీవ్రమైన రియాక్షన్, మళ్లీ ఇవ్వవద్దు' అని రాసి కింద రెండు గీతలు కొట్టారు. క్యాథ్‌ల్యాబ్‌లో నాళాలు కనపడటానికి ఎక్కించేది సరిగ్గా ఆ రకం డైనే.

ఇలాంటివాళ్లకి ముందుగా స్టెరాయిడ్ ఇచ్చి డై వాడే పద్ధతి ఉంది. మామూలుగా 13 గంటల ముందు మొదలుపెట్టాలట. ఇంజెక్షన్లతో తొందరపెట్టినా నాలుగైదు గంటలు పడుతుంది. అంత చేసినా రియాక్షన్ రాదని పూచీ లేదు. మా దగ్గర అంత టైమూ లేదు. అప్పుడు రేడియాలజీ డాక్టర్ గారు ఏ హడావిడీ లేకుండా అన్నారు: "గ్యాస్‌తో చేద్దాం."

కార్బన్ డయాక్సైడ్. సోడాలో ఉండే గ్యాసే. నాళంలోకి పంపితే కాసేపు రక్తాన్ని పక్కకి నెడుతుంది, ఆ ఖాళీ ఎక్స్‌రేలో నాళం ఆకారంలో కనపడుతుంది. తర్వాత రక్తంలో కరిగి ఊపిరితో బయటికి పోతుంది. దానికి అలర్జీ ఉండదు. మెదడు వైపు వెళ్తే ప్రమాదం కాబట్టి ఛాతీలోనూ ఆ పైనా వాడరు, పొత్తికడుపులో వాడొచ్చు. గొట్టంలో మామూలు గాలి కలవకుండా చూసుకుంటూ, ఒక్కోసారి పంపాక రెండు మూడు నిమిషాలు ఆగుతూ చేశారట. బొమ్మ డై అంత స్పష్టంగా రాదు, ఓపిక కావాలి. జెలటిన్ స్పాంజ్‌ని కత్తెరతో చిన్న చిన్న ముక్కలు చేసి, సెలైన్‌లో నానబెట్టి, రెండు వైపులా నాళాల్లోకి పంపారు. అది కొన్ని వారాల్లో దానంతటదే కరిగిపోతుంది, నాళాలు మళ్లీ తెరుచుకుంటాయి. "ఏ దారీ లేకపోతే ఆడ్రినలిన్ చేతిలో పెట్టుకుని డైనే వాడేవాళ్లం. అంతదాకా రాలేదు" అన్నారు బయటికొచ్చి. గంటన్నర పట్టింది. గర్భసంచి తీసే కాగితం ఫైల్లోనే ఉండిపోయింది.

ఇక రక్తం. బి నెగటివ్. మనవైపు ఎంత అరుదో వెతికినవాళ్లకే తెలుసు. నేను స్టేటస్ పెట్టింది రాత్రి 9 దాటాక. తెల్లారేలోపు నలుగురు వచ్చారు. ఒకతను ఫుడ్ డెలివరీ బ్యాగుతోనే వచ్చాడు, "ఆర్డర్ ఇచ్చేసి వచ్చానండీ, అందుకే లేటైంది" అని నాకే సారీ చెప్పాడు. ఇంజినీరింగ్ పిల్లలు ఇద్దరు టీ కూడా తాగకుండా వెళ్లిపోయారు, పొద్దున పరీక్షట. మీ రుణం తీరేది కాదు, తీర్చుకుంటానని చెప్పను కూడా.

చూడటానికి వచ్చిన బంధువుల్లో కొందరు "రొయ్యలు పడవేమో, అందుకే డై పడలేదు" అన్నారు. డాక్టర్ గారిని అడిగాను. రొయ్యలకీ డైకీ ఏ సంబంధమూ లేదు, రొయ్యలు పడనివాళ్లకి పడనిది అందులోని ప్రోటీన్. మా ఆవిడకైతే ఆదివారం రొయ్యల వేపుడు లేకపోతే ముద్ద దిగదు. ఐసీయూ నుంచి బయటికొచ్చాక మొదట అడిగింది పాపని, రెండోది దాన్నే.

హిమోగ్లోబిన్ 6 నుంచి 9 దాటింది. ఐరన్ మాత్రలు నడుస్తున్నాయి. 'అయోడిన్ డై పడదు' అన్న చీటీ, డై పేరుతో సహా, ఆమె ఫోన్ కవర్ వెనకా నా పర్సులోనూ ఉంది.

ఒక్కరికి మాత్రం ఇంకా థాంక్స్ చెప్పలేకపోయాను. ఎర్ర సిరాతో ఆ లైను రాసిన డ్యూటీ డాక్టర్ గారో, సిస్టరో. సంతకం చూశాను, ఒక వంకర గీత తప్ప ఏమీ అర్థం కాలేదు. నాలుగేళ్ల కిందట గుంటూరులో ఓ రాత్రి, సీటీ రూమ్‌లో దద్దుర్లతో వణికిపోయిన పొడుగు జడ అమ్మాయి మీకు గుర్తుంటే ఒక్క మెసేజ్ పెట్టండి. వచ్చే ఆదివారం బారసాల. మొదటి పిలుపు మీకే.