రావులపాలెంలో మా బండి బాగుచేసిన అన్నగారికి కృతజ్ఞతలు

రావులపాలెం అరటి మార్కెట్ దగ్గర మా సీఎన్‌జీ ట్రక్కు కింద దూరిన అన్నగారూ, పేరు అడిగితే నవ్వి ఊరుకున్నారు. అందుకే ఇలా రాస్తున్నాను.

ఇంజన్ లైటు ఎన్నిసార్లు ఆర్పించినా మళ్లీ వెలిగేది. స్కానర్‌లో ఎప్పుడూ అదే కోడ్, పీ0420: పొగలోని విషవాయువుల్ని తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ సరిగా పనిచేయడం లేదని. చూసినవాళ్లంతా కన్వర్టర్ మార్చమన్నారు. అందులో పల్లాడియం, రోడియం లాంటి ఖరీదైన లోహాలుంటాయి; మా కిరాయిలకు అది తలకు మించిన భారం.

మీరు మాత్రం ఇంజన్ చల్లారేదాకా ఆగారు. మళ్లీ స్టార్ట్ చేయించి, సైలెన్సర్ మూతికి కాసేపు గుడ్డ అడ్డం పెట్టించి, గొట్టం అతుకులన్నిటి మీదా సబ్బు నీళ్లు చల్లారు. కన్వర్టర్ వెనక, దాని పనితీరు కనిపెట్టే రెండో ఆక్సిజన్ సెన్సార్‌కు కాస్త ముందు, అతుకు మధ్య బిగించే గ్యాస్కెట్ అంచున సన్నటి బుడగలు లేచాయి. ఆ సందులోంచి బయటి గాలి చేరి సెన్సార్ లెక్క తప్పుతోందని, కన్వర్టర్ నిక్షేపంగా ఉందని ఓపికగా చెప్పారు. ఎంత హాయనిపించిందో!

గ్యాస్కెట్ మార్చాక ఆ లైటు మళ్లీ వెలగలేదు. మీరు సామాను ఖర్చు తప్ప కూలి పుచ్చుకోలేదు. మీ మేలు మరువలేను. మా తోటలో చక్కెరకేళి గెల పండబోతోంది, తెస్తాను. కాదనకండి.