రేడియేటర్ కింద నాలుగు పంకాలు

లీడ్స్,
జనవరి 18, ఆదివారం ఉదయం.

ప్రియమైన సుబ్బూ,

దసరాకు వచ్చిన నీ ఉత్తరానికి సంక్రాంతి కూడా వెళ్లిపోయాక జవాబు రాస్తున్నాను, మన్నించు. ఇక్కడ అందరం క్షేమం. అమ్మకు మోకాలి నొప్పి తగ్గింది, పిల్లవాడికి వేసవిలో పెద్ద పరీక్షలు. మిగతా కబుర్లు మళ్లీ రాస్తాను. మూడు వారాలుగా నీకే చెప్పాలని అట్టే పెట్టుకున్న సంగతి ఒకటి ఉంది, ముందు అది విను.

మాది విక్టోరియా రాణి కాలం నాటి ఇటుక ఇల్లు. వీధి గదిలో కిటికీ కింద రేడియేటర్ ఉంది, గ్యాస్ బాయిలర్‌లో కాగిన నీళ్లు అందులోంచి తిరిగి మళ్లీ బాయిలర్‌కు చేరతాయి. గడ్డకట్టే చలి రోజున ఆ గది 15 డిగ్రీల నుంచి 19కి రావడానికి రెండు గంటలు పట్టేది, అంతసేపూ పిల్లవాడు దుప్పటి కప్పుకొని చదువుకునేవాడు. అది చూడలేక, కంప్యూటర్లలో ఉండే 12 సెంటీమీటర్ల పంకాలు నాలుగు తెచ్చి, చెక్క పట్టీకి వరుసగా బిగించి, గాలి పైకి వీచేటట్టు రేడియేటర్ అడుగున అమర్చాను. మన హాస్టల్ గదిలోని మూడు రెక్కల మామయ్య నీకు గుర్తున్నాడు కదా, చల్లదనం కోసం ఆయన కిందే మంచాలు జరుపుకొన్న మనలో ఒకడు వెచ్చదనం కోసం పంకా బిగిస్తాడని అప్పుడు ఎవరైనా అంటే నమ్మేవాళ్లమా!

గంటా పది నిమిషాల్లో గది 19కి వచ్చింది. రేడియేటర్ అని పేరే గానీ, ఈ రేకు పలకల రకం తన వేడిలో ఎక్కువ భాగాన్ని గాలికే ఇస్తుంది. ఆ గాలి దానంతట అది మెల్లగా పైకి లేస్తుంది, పంకా దానిని తొందరపెడుతుంది. నాలుగూ కలిసి 6 వాట్లు, అంటే పది గంటలు తిరిగినా కరెంటు 0.06 యూనిట్ మాత్రమే. ఆ రాత్రి పిల్లవాడు దుప్పటి తీసి కుర్చీ మీద వేసినప్పుడు నాకు కలిగిన తృప్తి ఇంతా అంతా కాదు.

అయితే వారం తిరిగేసరికి మీటర్ చూసి దిగులుపడ్డాను. పంకాలు లేని వారం 41 ఘనపు మీటర్ల గ్యాస్, పంకాలు తిరిగిన వారమూ అంతే. ఆలోచించగా అది న్యాయమే అనిపించింది. పంకా వేడిని పుట్టించదు, గోడల నుంచి, ఒంటి పొర అద్దాల నుంచి బయటికి పోయే వేడిని ఆపదు. పైగా బాయిలర్ ఎప్పుడు వెలగాలో చెప్పే థర్మోస్టాట్ హాల్లో ఉంది, వీధి గది త్వరగా వెచ్చబడిందని దానికి తెలియదు.

అప్పుడు బాయిలర్ నాబ్ మీద నా చూపు పడింది. అమ్మ ఇక్కడికి వచ్చిన మొదటి చలికాలంలో రేడియేటర్‌కు వీపు ఆనించి కూర్చుని "ఎముకలు కొరుకుతోందిరా" అంటే, మనసు ఆగక నీటి వేడిని 75 డిగ్రీలకు పెంచాను. ఇన్నేళ్లూ అది అక్కడే ఉండిపోయింది. ఆ అమ్మను ఇప్పుడు తలచుకుంటే... సరే, అది మరోసారి.

ఇప్పటి బాయిలర్లకు ఒక సుగుణం ఉంది. గ్యాస్ మండినప్పుడు పుట్టే ఆవిరిని నీరుగా మార్చి, అందులో దాగిన వేడిని కూడా తిరిగి పట్టుకుంటాయి. కానీ రేడియేటర్ల నుంచి తిరిగి వచ్చే నీళ్లు సుమారు 55 డిగ్రీల కంటే చల్లగా ఉంటేనే అది సాధ్యం. మా ఇంట్లో అవి 65 దగ్గర తిరిగి వస్తున్నాయి. వేడి తగ్గిద్దామంటే ఇంకొక చిక్కు. రేడియేటర్‌కూ గదికీ మధ్య తేడా 50 డిగ్రీల నుంచి 30కి పడిపోతే అది ఇచ్చే వేడి దాదాపు సగమవుతుంది. ఆ లోటును కొంతవరకు పూడ్చేవే ఈ పంకాలు! అందుకే హాల్లోనూ ఒక వరుస బిగించి నాబ్‌ను 55కు తిప్పాను. మాది కుళాయిల వేడినీళ్లను నిల్వ చేసే ట్యాంకు లేని బాయిలర్ కనుక తిప్పగలిగాను. ట్యాంకు ఉన్నవాళ్లు అందులోని నీళ్లను 60 డిగ్రీల దాకా కాగనివ్వాలి, లేకపోతే సూక్ష్మజీవులు పెరుగుతాయి.

మర్నాడు ఉదయం పెరట్లోకి వెళ్లి చూశాను. బాయిలర్ నుంచి మురుగు తూముకు వెళ్లే సన్నటి తెల్ల గొట్టం ఇదివరకు ఎప్పుడు చూసినా దాదాపు పొడిగానే ఉండేది. ఆ రోజు దాని కొసన ఒక చుక్క నిండుతోంది, రాలుతోంది, మరొకటి నిండుతోంది. గ్లాసు పట్టుకుని నిలబడ్డాను సుబ్బూ, ఇన్నేళ్లూ పొగగొట్టంలోంచి ఆవిరిగా పోయిన మా డబ్బే అలా చుక్కలు చుక్కలుగా కనబడుతున్నట్టు అనిపించింది! ఆ వారం 37 ఘనపు మీటర్లే కాలింది. రెండు వారాల్లోనూ చలి ఇంచుమించు ఒకటే. ఒక్క ఇంటి లెక్కే అయినా, పంకా ఒక్కటే పొదుపు చేయదనీ, నాబ్ తిప్పే వీలు కల్పిస్తుందనీ నాకు రూఢి అయింది. బాయిలర్‌కు బదులు హీట్ పంప్, అంటే బయటి వేడిని కరెంటుతో ఇంట్లోకి లాగే యంత్రం, ఉన్న ఇళ్లలో నీళ్లు ఎంత తక్కువ వేడిగా ఉంటే అంత మంచిది కనుక, అక్కడ వీటి ఉపయోగం ఇంకా ఎక్కువని నా నమ్మకం.

అన్నట్టు, రేడియేటర్ మీదికి జారే పరదాను కిటికీ గట్టు వరకు కత్తిరించాను, లేకపోతే పంకా తోసిన వెచ్చటి గాలి అంతా పరదా వెనక్కి చేరి అద్దానికే... పిల్లవాడు ఈతకు తయారై గుమ్మంలో నిలబడ్డాడు. అమ్మగారికి నమస్కారాలు, చెల్లెమ్మకు ఆశీస్సులు. వెనక గది సంగతి వచ్చే ఉత్తరంలో రాస్తాను.

నీ
ప్రసాదు