ఆ చీకటికి రంగులెందుకు?

సంపాదకులకు నమస్కారం.

పాత నలుపు తెలుపు సినిమాలకు ఏఐతో చవగ్గా రంగులద్దవచ్చని మీ ఆదివారం అనుబంధంలో చదివాను. అన్ని సినిమాలనూ ఒకే గాటన కట్టేయడం నాకు నచ్చలేదు.

హాలీవుడ్ దర్శకుడు జాన్ హ్యూస్టన్ 1950లో తీసిన 'ది ఆస్ఫాల్ట్ జంగిల్' సంగతే చూడండి. ఫిల్మ్ నువార్ అనే చీకటి నీడల నేర చిత్రాల్లో పేరున్నది. నగల దుకాణం దోచిన ముఠా ఒక్కొక్కరుగా ఎలా చితికిపోయిందన్నదే కథ. దోపిడీ సాగుతున్నంతసేపూ సంగీతం ఉండదు, చప్పుళ్లే. పథకం వేసిన పెద్దాయన పారిపోయే వీలుండి కూడా, జ్యూక్‌బాక్స్ పాటకు చిందులేస్తున్న ఓ అమ్మాయిని చూస్తూ కూర్చుని దొరికిపోతాడు. ఎంత తెలివి ఉండి ఏం లాభం!

నన్ను వెంటాడేది మాత్రం చివరి దృశ్యం. అంతవరకూ దాదాపు అన్నీ రాత్రులు, ఇరుకు గదులు, సగం చీకట్లో ముఖాలు. ముఠాలో ఒకడైన డిక్స్, తూటా తగిలాక, చిన్నప్పటి పొలం చూడాలని అమెరికాలోని కెంటకీ రాష్ట్రం దాకా కారు నడుపుకుంటూ వచ్చి పచ్చిక బయల్లో కూలిపోతాడు. గుర్రాలు చుట్టూ చేరతాయి. అక్కడ తెరంతా ఒక్కసారిగా తెల్లటి వెలుతురు. చీకటికి అలవాటుపడ్డ మన కళ్లు చికిలిస్తాయి. ఆ గడ్డికి ఆకుపచ్చ పూస్తే మిగిలేది క్యాలెండర్ బొమ్మే.

రంగులు చేతగాక ఇలా తీశారనుకోవద్దు. కెమెరామన్ హెరాల్డ్ రోసన్ 1939లోనే 'ది విజార్డ్ ఆఫ్ ఓజ్'ను రంగుల్లో తీసినవాడు. హ్యూస్టన్ కూడా మరుసటి ఏడాదే 'ది ఆఫ్రికన్ క్వీన్' రంగుల్లో తీశాడు.

ఈ సినిమాకూ రంగులద్దారు. హ్యూస్టన్ 1987లో పోయాడు. ఫ్రాన్స్‌లో ఒక టీవీ ఛానల్ ఆ రంగుల ప్రతి వేయబోతే ఆయన పిల్లలు, సహరచయిత బెన్ మ్యాడో కోర్టుకెక్కారు. 1991లో అక్కడి అత్యున్నత న్యాయస్థానం వాళ్ల పక్షానే తీర్పిచ్చింది.

మన దగ్గర? 1957 కాపీరైట్ చట్టం ప్రకారం సినిమాకు కర్త నిర్మాతే, దర్శకుడు కాదు. హక్కుల గడువు 60 ఏళ్లు. అంటే 1950ల నాటి మన సినిమాలన్నీ ఆ గడువు దాటేశాయి. రంగులద్దుతామంటే ఆపే దిక్కు దాదాపు లేదు.

2010లో రంగుల 'మాయాబజార్'కు నేనూ కుటుంబంతో వెళ్లాను. ఘటోత్కచుడి భోజనానికి హాలంతా ఈలలు, వాటిలో నాదీ ఒకటి. కానీ కెమెరామన్ మార్కస్ బార్ట్‌లీ తీసిన ఆ వెన్నెల మాత్రం రంగుల్లో నాకు చల్లగా అనిపించలేదు.

రంగులు వద్దే వద్దని అనను. రంగుల ప్రతి వేసే ఛానళ్లూ ఓటీటీలూ అసలు ప్రతిని కూడా పక్కనే ఉంచాలి. ఆ రంగులు తర్వాత ఎవరో అద్దినవని టైటిల్స్‌కు ముందే చెప్పాలి. ఈ రెండింటినీ ప్రభుత్వం నిబంధనగా పెట్టాలి.

— ఒక పాఠకుడు, తెనాలి