జర్మనీలో హెయిర్‌కట్: కొత్తగా వచ్చినవాళ్ల కోసం

అందరికీ నమస్కారం. ఈ సెమిస్టర్‌కి వచ్చిన తమ్ముళ్లు, చెల్లెళ్లు కటింగ్ ఎక్కడ చేయించుకోవాలని విడివిడిగా అడుగుతున్నారు, అందుకే ఇక్కడే రాస్తున్నాను. ఇది చిన్న విషయం కాదు. ఊరు కాని ఊర్లో అద్దంలో మన ముఖం మనకే నచ్చకపోతే దిగులు ఇంకా పెరుగుతుంది.

మగపిల్లలకు టర్కీ, అరబ్ బార్బర్ షాపులే నయం. ఒత్తయిన నల్ల జుట్టు వాళ్లకు రోజూ అలవాటైన పని, గడ్డం అంచులు కూడా కత్తితో నీటుగా గీస్తారు. చాలాచోట్ల అపాయింట్‌మెంట్ అక్కర్లేదు. "మీడియం" అంటే ఎవరి లెక్క వాళ్లది, కాబట్టి మిషన్ ఎన్ని మిల్లీమీటర్లో చెప్పండి: పక్కల 6, వెనక 9 అన్నట్టు. మీకు నచ్చిన పాత కటింగ్ ఫొటో చూపిస్తే మరీ మంచిది. చేతిలో నోట్లు ఉంచుకోండి, కార్డు తీసుకోని షాపులు ఉన్నాయి. సోమవారం చాలా సెలూన్లకు సెలవు.

అమ్మాయిలకు ఖర్చు ఎక్కువే. జుట్టు పొడవును బట్టి రేటు, ఆరబెట్టడానికి విడిగా వేయొచ్చు. కుర్చీలో కూర్చోకముందే మొత్తం ఎంతో అడగండి. పెద్ద జడ ఉన్నవాళ్లు చివర్లు ఎంత తీయాలో వేళ్లతో పట్టి చూపించండి. థ్రెడింగ్‌కి టర్కీ, ఇరానీ, ఇండియన్ పార్లర్లు చూడండి.

ఇంటి నుంచి తెచ్చుకున్న నల్ల హెన్నా వాడేవాళ్లు మాత్రం జాగ్రత్త. చాలావాటిలో పీపీడీ అనే రసాయనం ఉంటుంది, కొందరికి దురద, వాపు వస్తాయి. 48 గంటల ముందు చెవి వెనక కొంచెం రాసి చూడండి.

డ్రెస్డెన్ వైపు మంచి పార్లర్ తెలిసినవాళ్లు పేరు ఇక్కడే పెట్టండి, అక్కడి చెల్లెళ్లు అడుగుతున్నారు.