నీలం వచ్చిందిరా!

ఒరేయ్ బావా,

ఆలస్యమైంది, తిట్టాలనుకున్నవన్నీ తిట్టెయ్. ఇక్కడ అందరూ బాగున్నారు. అమ్మకి మోకాలు నొప్పి తగ్గింది, చిన్నదానికి పరీక్షలు అయిపోయాయి. అంతే, ఇక అసలు సంగతి.

నా చేపల తొట్టి నీళ్ల టెస్టులో నీలం రంగు వచ్చిందిరా! ఇవాళ పొద్దున్నే!

వంద లీటర్ల అక్వేరియం కొన్నానని చెప్పాను కదా. నీళ్లున్నాయి, ఫిల్టర్ తిరుగుతోంది, లైటు వెలుగుతోంది, చేప మాత్రం ఒక్కటీ లేదు. వచ్చినవాళ్లంతా అద్దానికి ముక్కు ఆనించి "చేపలేవండీ?" అనడం, మా ఆవిడ వంటింట్లోంచి "ఆయన నీళ్లు పెంచుకుంటున్నారండీ" అనడం. నువ్వు ఛైర్మన్ అని పిలిచే నాకు పట్టిన గతి చూశావా!

ఎందుకింత ఓపిక అంటావా? చేపల వ్యర్థాల్లోంచి, తినకుండా మిగిల్చిన మేతలోంచి అమ్మోనియా పుడుతుంది. అది మొప్పల్ని కాల్చేస్తుంది. ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది, అదీ విషమే, చేప రక్తం ఆక్సిజన్ మొయ్యలేదు. ఇంకో రకం దాన్ని నైట్రేట్ చేస్తుంది. అది కొంచెం ఉన్నా ఫరవాలేదు, అప్పుడప్పుడు కొన్ని నీళ్లు మారిస్తే చాలు. కొత్త తొట్టిలో ఈ బ్యాక్టీరియా తగినంత ఉండదు. ఫిల్టర్ స్పాంజిలో, గులకరాళ్ల మీద కుదురుకోవడానికి మామూలుగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. అందాకా చేపలకి బదులు నేనే సీసాలోంచి అమ్మోనియా వేస్తూ వచ్చాను, లీటరుకి 2 మిల్లీగ్రాముల లెక్కన. (సీసా ఊపితే నురగ నిలిచే రకం తేకు, అందులో సబ్బు కలిసినట్టు.)

ఇక టెస్టులు. చిన్న గాజు గొట్టంలో తొట్టి నీళ్లు, అందులో మందు చుక్కలు, మూత పెట్టి ఊపి, ఐదు నిమిషాలు ఆగి, కిటికీ దగ్గర రంగుల అట్ట పక్కన పెట్టి చూడాలి. అమ్మోనియా గొట్టం ఆకుపచ్చ నుంచి పసుపుకి త్వరగానే దిగింది. నైట్రైట్ గొట్టమే మొండికేసింది. ఎప్పుడు చూసినా ఊదా, నేరేడు పండు పిండినట్టు. టెన్షన్‌తో పరగడుపునే గొట్టం పట్టుకుని నిలబడేవాణ్ణి. ఇవాళ చుక్కలు పడ్డాయి, ఊపాను, ఆగాను... లేత నీలం! నిన్న పొద్దున వేసిన అమ్మోనియా కూడా మాయం. 24 గంటల్లో రెండూ సున్నాకి దిగితే తొట్టి సిద్ధమైనట్టే.

అది చూస్తుంటే మీ ఇంటి సీసాలో ఎర్ర చేప గుర్తొచ్చిందిరా. నువ్వు మేత ఎక్కువ వెయ్యబట్టే చచ్చిందని అందరూ నిన్నే అన్నారు. మీవాళ్లేమో రోజూ నీళ్లన్నీ పారబోసి, సీసా తళతళలాడేలా కుళాయి కింద కడిగేవాళ్లు. బ్యాక్టీరియా ఎక్కడ బతుకుతుంది? పైగా కుళాయి నీళ్లలో క్లోరిన్. అమ్మోనియాకి రంగుండదు, నీళ్లు ఎంత తేటగా ఉన్నా... సరేలే. నీ తప్పు కాకపోవచ్చు, అదే చెప్పాలనిపించింది.

నువ్వూ కొంటానంటున్నావు కాబట్టి చెప్తున్నా, మీ ఇంటి అలమరా మీద మాత్రం పెట్టకు! వంద లీటర్లంటే నీళ్లే వంద కిలోలు, అద్దం, రాళ్లు అదనం. నీళ్లు ఒక రోజు నిలవబెడితే క్లోరిన్ పోతుందంటారు, నిజమే, కానీ క్లోరమైన్ (క్లోరిన్, అమ్మోనియా కలిసిన మందు) కలిపిన నీళ్లయితే అలా పోదు. వాటికి విరుగుడు మందు కొనెయ్. ఫిల్టర్ స్పాంజిని ఎప్పుడూ కుళాయి కింద పిండకు, తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే పిండాలి. కరెంటు వైరు ప్లగ్గు కన్నా కిందికి వేలాడేలా ఉంచు, తడి జారినా ప్లగ్గులోకి పోదు.

రేపు హీటర్ ఆపి, పేరుకున్న నైట్రేట్ పోయేలా చాలావరకు నీళ్లు మార్చేస్తాను. ఆ తర్వాత చేపలు, మొదట కొన్నే. మొదటిదానికి ఏం పేరు పెడతానో నీకు తెలుసు, కోపం తెచ్చుకోకు. అన్నట్టు, ఆ పెళ్లి విషయం మీవాళ్లు...

బాబాయ్ చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు, ఉత్తరం ఆయనే పోస్టు చేస్తాడట. కవరు అతికించాలి. ఉంటా!

నీ
ఛైర్మన్